ఓపెనర్ కొనేముందు ఒక్కసారి తలుపుని చేత్తో ఎత్తి చూడండి

రెండు కార్లు పట్టే గ్యారేజ్, 16 అడుగుల వెడల్పు స్టీల్ సెక్షనల్ తలుపు (అడ్డ పలకలు కలిపి చేసినది), దాని పైనే పడకగది. పదిహేనేళ్ల నాటి చెయిన్ ఓపెనర్, అంటే గొలుసుతో తలుపుని తెరిచి మూసే మోటార్ పెట్టె, ఈమధ్య తలుపుని సగం దాకా ఎత్తి ఆగిపోతోంది. రాత్రి ఆలస్యంగా ఇంటికొస్తే ఆ చప్పుడుకి పైన పడుకున్న పాప లేచి కూర్చుంటోంది. కరెంటు పోతే కారు లోపలే ఉండిపోతోంది. ఇవీ మీరు చెప్పిన ఇబ్బందులు. ఎన్ని హెచ్‌పీల (హార్స్‌పవర్) మోటార్ కావాలి, చెయినా బెల్టా, ఫోన్‌తో తెరుచుకునేది తీసుకోవాలా అని అడిగి, చివర్లో "పెద్ద మోటార్ వేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా" అన్నారు.

నేను ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. ఇరవై ఏళ్లుగా ఈ తలుపులు బిగించడం, విప్పడం, రిపేర్ చేయడమే నా పని. నేను చూసిన దండగ ఖర్చుల్లో సగం ఆ మాట దగ్గరే పుట్టాయి.

మీ తలుపు బరువు సుమారు 70 నుంచి 120 కిలోల మధ్య ఉంటుంది. లోపల ఇన్సులేషన్ ఉంటే ఎక్కువ వైపు, లేకపోతే తక్కువ వైపు. చెక్క తలుపైతే ఇంకా పైకి పోతుంది. ఇంత బరువుని పైన వేలాడే ఆ చిన్న పెట్టె ఎత్తుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువంతా మోసేది స్ప్రింగు. తలుపు పైన గోడకి అడ్డంగా ఒక ఇనుప షాఫ్ట్, దాని మీద లావుపాటి చుట్ట స్ప్రింగు ఒకటో రెండో ఉంటాయి చూడండి, అవి టార్షన్ స్ప్రింగులు. షాఫ్ట్ రెండు చివర్లా డ్రమ్ములు, వాటి నుంచి తలుపు అడుగుదాకా దిగే స్టీల్ కేబుళ్లు. తలుపు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు పూర్తిగా మెలిపడి ఉంటుంది. తలుపు లేస్తున్నకొద్దీ ఒక్కో పలక పై ట్రాక్ మీదకి వాలిపోతుంది కాబట్టి కేబుల్‌కి వేలాడే బరువు తగ్గుతుంది, దానికి తగ్గట్టే స్ప్రింగు మెలిక కూడా సడలుతుంది. ఈ రెండూ సరిగ్గా సరితూగితే మీ వంద కిలోల తలుపుని ఇంట్లో ఎవరైనా ఒక చేత్తో ఎత్తెయ్యొచ్చు. ఓపెనర్ చేసేది తలుపుని ముందుకీ వెనక్కీ నడపడం, అంతే.

అందుకే కొత్తది కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు ట్రాలీకి, అంటే పైన రైల్ మీద జరుగుతూ తలుపుని లాగే ముక్కకి, వేలాడే ఎర్ర తాడు లాగండి. తలుపుకీ ఓపెనర్‌కీ బంధం తెగిపోతుంది. ఇప్పుడు చేత్తో మెల్లగా ఎత్తి, నడుము ఎత్తులో పట్టు సడలించి చూడండి, చెయ్యి మాత్రం దగ్గర్లోనే ఉంచండి. అక్కడే నిలబడితే స్ప్రింగులు బాగున్నట్టు. కిందకి జారిపోతే స్ప్రింగు బలం తగ్గిందన్నమాట. తనంతట తనే పైకి పరిగెడితే స్ప్రింగుకి మెలిక ఎక్కువైందన్నమాట. రెండూ ఓపెనర్‌కి శత్రువులే. తలుపు తెరిచి ఉన్నప్పుడు మాత్రం పొరపాటున కూడా ఆ తాడు లాగొద్దు. స్ప్రింగు తెగి ఉంటే వంద కిలోలూ ఒక్కసారిగా కిందకొస్తాయి.

మామూలు స్ప్రింగుకి 10,000 సార్లు తెరిచి మూసేంత ఆయుష్షు అని లెక్క. రోజుకి నాలుగుసార్లు తలుపు తీసి వేస్తే ఏడేళ్లకి కాస్త ముందే ఆ లెక్క నిండుతుంది. మీ ఓపెనర్‌కే పదిహేనేళ్లు, స్ప్రింగులు ఎప్పుడైనా మార్చారో లేదో మీరు రాయలేదు. మార్చి ఉండకపోతే, సగంలో ఆగిపోవడానికి కారణం మోటార్ ముసలిదైపోవడం కాకపోవచ్చు, అది మోయకూడని బరువు మోస్తూ ఉండొచ్చు.

ఒకాయన ఫోన్ చేసి, "రెండేళ్లలో రెండు ఓపెనర్లు పోయాయండీ, ఈసారి ఒకటింబావు హెచ్‌పీది పెట్టేయండి, పీడా పోతుంది" అన్నారు. వెళ్లి చూస్తే మోటార్ కింద నేల మీద తెల్లటి పొడి, సుద్దముక్క గీకినట్టు. మూత విప్పితే లోపల నైలాన్ గేరు పళ్లు ఒకవైపు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఆ గేరుని కావాలనే మెత్తగా చేస్తారు. బరువెక్కువైతే మోటార్ కాలిపోకుండా ముందు అది అరిగిపోతుంది. ఎర్ర తాడు లాగి ఎత్తబోయాను. నడుం వంచి రెండు చేతులా లాగితే జానెడు లేచింది. టార్చి వేసి చూస్తే రెండు స్ప్రింగుల్లో ఒకదాని మధ్యలో రెండు వేళ్లు పట్టేంత సందు. ఎప్పుడు తెగిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. "ఒకరోజు గ్యారేజ్‌లో తుపాకీ పేలినట్టు శబ్దమొచ్చింది, ఏదో పడిందనుకున్నాం" అని వాళ్లావిడ తర్వాత గుర్తు చేసుకున్నారు. స్ప్రింగులు జతగా మార్చి, పాత ఓపెనర్‌కే కొత్త గేరు వేసి వచ్చాను. ఆయన కొనాలనుకున్న పెద్ద మోటార్ అవసరమే పడలేదు.

పెద్ద మోటార్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. ఓపెనర్ తలుపుని నడుపుతున్నప్పుడు ఎంత బలం పడుతోందో గమనిస్తూ ఉంటుంది. మామూలు కన్నా ఎక్కువ పడితే ఏదో అడ్డొచ్చిందని ఆగి వెనక్కి తిరుగుతుంది. స్ప్రింగు చెడిపోయిన తలుపుతో ఇది మాటిమాటికీ ఆగిపోతుంది కాబట్టి జనం ఫోర్స్ సెట్టింగ్ పెంచేస్తారు. తలుపు కదులుతుంది. కానీ రేపు దాని కింద పిల్లాడి కాలు పడినా అది "మామూలు బరువే" అనుకుంటుంది. ఫోర్స్ స్క్రూ తిప్పాలనిపించిన ప్రతిసారీ ముందు స్ప్రింగు చూడండి.

స్ప్రింగు పని మాత్రం మీరు పెట్టుకోకండి. ఓపెనర్ బిగించడం ఇద్దరు మనుషులకి సగం రోజు పని, స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవాళ్లు చేసుకోగలరు. టార్షన్ స్ప్రింగు మెలి తిప్పడం అలాంటిది కాదు. లోపల నిల్వ ఉన్న బలం ఒక్కసారి విడుదలైతే చేతిలోని ఇనుప కడ్డీ మొహానికే వస్తుంది. షాఫ్ట్ మీద ఎర్ర రంగు వేసిన బోల్టులు కనిపిస్తే వాటిని ముట్టుకోకండి, ఆ రంగు అందుకే వేస్తారు. మీ తలుపుకి పక్క ట్రాకుల వెంబడి సాగే పొడుగు స్ప్రింగులు ఉంటే, వాటి లోపల్నుంచి ఒక సన్నని సేఫ్టీ కేబుల్ పోతోందో లేదో చూడండి. అది లేకుండా స్ప్రింగు తెగితే ముక్క ఎటు పోతుందో చెప్పలేం.

ఇక చప్పుడు సంగతి. పాప లేచిపోతోందన్నారు కదా, ఆ చప్పుడు ఎవరిదో ముందు తేల్చుకుందాం. ఎర్ర తాడు లాగాక తలుపుని చేత్తోనే పైకీ కిందకీ నడిపి వినండి. అప్పుడు కూడా వినిపించే కిరకిర, గడగడ అంతా తలుపుది. వినిపించకుండా పోయింది ఓపెనర్‌ది. పాత తలుపుల్లో సగానికి పైగా మోత తలుపుదే ఉండటం నేను చూస్తుంటాను. స్టీల్ రోలర్లు తీసేసి, లోపల బేరింగ్ ఉన్న నైలాన్ రోలర్లు వేస్తే ఇల్లే మారిపోయినట్టు ఉంటుంది. ఒక్క జాగ్రత్త, అన్నిటికన్నా కింద ఉండే బ్రాకెట్‌కి కేబుల్ తగిలించి ఉంటుంది, దాని మీద స్ప్రింగు బలమంతా ఉంటుంది. ఆ రెండు రోలర్లూ స్ప్రింగు మార్చే మనిషి చేతే మార్పించుకోండి. హింజ్‌లకి, రోలర్ బేరింగ్‌లకి, స్ప్రింగుకి లిథియం గ్రీజు గానీ సిలికాన్ స్ప్రే గానీ కొట్టండి. ఇంట్లో తుప్పు వదిలించడానికి వాడే పల్చటి స్ప్రే కొట్టారంటే ఉన్న గ్రీజు కూడా కరిగి పోతుంది, వారం తర్వాత మళ్లీ కిరకిరే. ట్రాకులకి ఏమీ పూయొద్దు, గుడ్డతో తుడిస్తే చాలు. గ్రీజు పూసిన ట్రాక్‌లో దుమ్ము పేరుకుని రోలర్ దొర్లడం మానేసి ఈడ్చుకుపోతుంది.

ఇదంతా అయ్యాక మిగిలిన చప్పుడుకే కొత్త ఓపెనర్. పడకగది పైనే ఉంది కాబట్టి చెయిన్‌ని పక్కన పెట్టండి. చెయిన్ చెడ్డదేం కాదు, మొండి మనిషిలా ఏళ్ల తరబడి పనిచేస్తుంది, ఇంటికి దూరంగా విడిగా ఉన్న గ్యారేజ్ అయితే నేను అదే చెప్పేవాణ్ని. కానీ ఇనుప గొలుసు ఇనుప రైల్ మీద లాగుతుంటే ఆ అదురు సీలింగ్ దూలాల గుండా మంచందాకా పోతుంది. స్క్రూ రకం, అంటే పొడుగాటి మరకడ్డీ తిరుగుతూ తలుపుని లాగేది, ఇప్పుడు అంతగా కనిపించట్లేదు. కదిలే భాగాలు తక్కువే కానీ దాని గ్రీజు చలికి గట్టిపడుతుంది, చప్పుడు కూడా బెల్ట్ కన్నా ఎక్కువే.

మీకు సరిపడేవి రెండు. ఒకటి బెల్ట్. లోపల స్టీల్ లేదా ఫైబర్ పోగులు ఉన్న రబ్బరు బెల్ట్ కాబట్టి రబ్బరే కదా, తెగిపోతుందేమో అని భయపడక్కర్లేదు. బెల్ట్ తీసుకుంటే డీసీ మోటార్ ఉన్నదే తీసుకోండి. ఏసీ మోటార్ ఒక్కసారిగా పూర్తి వేగంతో లాగుతుంది, ఒక్కసారిగా ఆపుతుంది. ఆ మొదటి కుదుపు, చివరి దబ్బుమనే శబ్దం, నిద్ర లేపేవి ఈ రెండే. డీసీ మోటార్ మెల్లగా కదిలించి, వేగం అందుకుని, నేలకి ఆనేముందు మళ్లీ నెమ్మదిస్తుంది. తలుపు ఆయుష్షుకీ అది మంచిది.

రెండోది గోడకి బిగించేది. ఇది సీలింగ్‌కి అసలు తగలదు. టార్షన్ షాఫ్ట్ చివర, పక్క గోడ మీద కూర్చుని షాఫ్ట్‌నే తిప్పుతుంది. సీలింగ్ ఖాళీ, మంచానికి అదురు లేదు. పడకగది కింద ఉండే గ్యారేజ్‌కి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. కానీ అందరికీ కుదరదు. టార్షన్ షాఫ్ట్ ఉండాలి, పక్క ట్రాకుల వెంబడి సాగే స్ప్రింగుల తలుపుకి పనికిరాదు. షాఫ్ట్ చివర మోటార్ పట్టేంత గోడ ఉండాలి, అక్కడికి సాకెట్ కావాలి. పైగా ఇది తలుపుని కిందకి తోయలేదు, షాఫ్ట్‌ని వదులు చేస్తే తలుపు తన బరువుతో తనే దిగాలి. ఎక్కడైనా పట్టేస్తే కేబుల్ వదులై డ్రమ్ము మీంచి జారిపోతుంది. అందుకని కేబుల్ బిగువు చూసే చిన్న సెన్సర్ ఒకటి దీనికి తోడు వస్తుంది. కొన్నిటితో తలుపుని లోపల్నుంచి తాళం వేసే మోటార్ బోల్ట్ కూడా ఇస్తారు. బిగించేవాడు "అవి లేకపోయినా నడుస్తుంది సార్" అంటే ఆ మనిషిని మార్చండి.

బెల్టే తీసుకుంటే బిగింపు మీద కన్నేసి ఉంచండి. మోటార్ పెట్టెని వేలాడదీసే పట్టీలు దూలానికి బోల్టు కావాలి, ఉత్త జిప్సం బోర్డుకి కాదు. పట్టీకీ దూలానికీ మధ్య గట్టి రబ్బరు దిమ్మలు పెట్టమనండి. ఇంత చిన్న విషయానికి ఎవరూ పట్టించుకోరు కానీ, నిశ్శబ్దమైన బెల్ట్ ఓపెనర్‌ని దూలానికి నేరుగా బిగించి "ఇంకా ఝుమ్మంటోందే" అని తల పట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఇంకోటి, ఓపెనర్ చెయ్యి తగిలే పై పలక సన్నని రేకు అయితే దానికి అడ్డంగా ఒక బలమైన పట్టీ వేయించండి. లేకపోతే కొన్నాళ్లకి ఆ చోట రేకు వంగి, చీలుతుంది.

హెచ్‌పీ గురించి ఇంతసేపూ మాట్లాడలేదు, ఎందుకంటే దాని స్థానం అదే. స్ప్రింగులు బాగున్న మీ తలుపుకి ముప్పావు హెచ్‌పీ తరగతి ధారాళంగా సరిపోతుంది. ఒంటి కారు తలుపుకి అర చాలు. బరువైన చెక్క తలుపులకి, అసాధారణంగా పెద్దవాటికి ఒకటి, ఒకటింబావు. డీసీ మోటార్ల డబ్బాల మీద "హెచ్‌పీకి సమానం" అన్న అర్థంలో ఏదో పొడి అక్షరాలు వేస్తారు, అది నిజం హెచ్‌పీ కాదు, పోలిక మాత్రమే. కొన్ని దేశాల్లో హెచ్‌పీ బదులు న్యూటన్లలో, 600, 800, 1000 అని లాగే బలం రాస్తారు. అది నాకు ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది.

కరెంటు పోయినప్పటి మాటకొస్తే, బ్యాటరీ బ్యాకప్ ఉన్నదే తీసుకోండి. ఇది సోకు కాదు. 2017లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కార్చిచ్చులు వచ్చినప్పుడు కరెంటు పోయి, గ్యారేజ్ తలుపు చేత్తో ఎత్తలేక కొందరు లోపల చిక్కుకుపోయారు. ఆ తర్వాత అక్కడ చట్టం తెచ్చి, 2019 జులై 1 నుంచి ఇళ్లకి అమ్మే ప్రతి ఓపెనర్‌కీ బ్యాటరీ తప్పనిసరి చేశారు. బ్యాటరీ రెండు మూడేళ్లకోసారి మార్చాల్సి వస్తుంది, కాబట్టి విడిగా సులువుగా దొరికే రకమా కాదా కనుక్కోండి. దాంతోపాటు ఒక ఆదివారం ఇంట్లో అందరి చేతా ఎర్ర తాడు లాగించి, తలుపు ఎత్తించి, మళ్లీ ట్రాలీకి తగిలించడం అలవాటు చేయించండి. చీకట్లో మొదటిసారి నేర్చుకునే పని కాదది. మీ గ్యారేజ్‌కి ఆ పెద్ద తలుపు తప్ప వేరే దారి లేకపోతే, బయట్నుంచి తాళంచెవితో ఆ తాడు లాగే ఏర్పాటు ఒకటి ఉంటుంది, అది కూడా పెట్టించండి.

పాప ఉందన్నారు కాబట్టి దీని మీద కాస్త ఆగుతాను. తలుపు రెండు పక్కలా అడుగున ఎదురెదురుగా ఉండే సెన్సర్లని ఫొటో ఐ అంటారు. ఒకటి కంటికి కనిపించని కిరణం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో ఎవరైనా వస్తే దిగుతున్న తలుపు వెనక్కి తిరుగుతుంది. పిల్లలు చనిపోయిన ప్రమాదాల తర్వాత అమెరికాలో 1993 నుంచి ఇలాంటి రక్షణ లేని ఓపెనర్ అమ్మకూడదని నిబంధన పెట్టారు. ఇవి నేల నుంచి 6 అంగుళాలకి మించి ఎత్తులో ఉండకూడదు. పాకే పిల్లలు, పెంపుడు జంతువులు దాని కిందనుంచి దూరిపోకుండా ఆ లెక్క.

ఒక ఇంట్లో సెన్సర్లు తలుపు దగ్గర కనిపించలేదు. వెతికితే సీలింగ్ మీద, మోటార్ పెట్టె పైన, రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ టేపుతో చుట్టి ఉన్నాయి. సాయంత్రం పూట తలుపు మూసుకోవట్లేదని ఎవరో చేసిన ఉపాయం. ఓపెనర్ మాత్రం దారి ఎప్పుడూ ఖాళీగానే ఉందనుకుంటూ హాయిగా మూసేస్తోంది. అసలు జబ్బు ఏంటంటే, సాయంత్రపు ఎండ నేరుగా అందుకునే సెన్సర్ కంట్లో పడుతోంది. పంపేదాన్నీ అందుకునేదాన్నీ అటూ ఇటూ మార్చాను. పది నిమిషాల పని. అప్పుడు కూడా పడుతుంటే చిన్న గొట్టం ముక్క గొడుగులా తొడిగితే సరి. మీ తలుపు కూడా గోడ మీది బటన్ నొక్కి పట్టుకుంటేనే మూసుకుని, రిమోట్‌కి మూసుకోకపోతే ముందు ఈ సెన్సర్ల మీది లైట్లు చూడండి. సాలెగూడు పట్టినా, చీపురు తగిలి పక్కకి తిరిగినా ఇదే జరుగుతుంది.

నెలకోసారి ఇంకో పరీక్ష చేయండి. అంగుళంన్నర మందం ఉన్న చెక్క ముక్కని తలుపు మధ్యలో నేల మీద పడుకోబెట్టి మూయండి. తలుపు దానికి తగలగానే రెండు సెకన్లలోపు వెనక్కి లేవాలి. లేవకపోతే ఆ ఓపెనర్‌ని వాడటం ఆపి, ఎర్ర తాడు లాగి చేత్తో నడుపుకోండి, రిపేర్ అయ్యేదాకా. గోడ బటన్ పాపకి అందకుండా కనీసం 5 అడుగుల ఎత్తులో ఉండాలి. చేత్తో ఎత్తే రోజుల్లో కట్టిన లాగుడు తాడు తలుపుకి ఇంకా వేలాడుతుంటే తీసేయండి, పిల్లల మెడకో చేతికో చుట్టుకుంటే ఓపెనర్ వాళ్లని కూడా పైకి తీసుకుపోతుంది. పాత గడియ కూడా తీసేయాలి. గడియ వేసి ఉందన్నది మర్చిపోయి రిమోట్ నొక్కి, పై పలకని మడిచేసుకున్నవాళ్లకి లెక్కలేదు.

రిమోట్ విషయం క్లుప్తంగా. మీ పాత రిమోట్ బ్యాటరీ మూత తీసి చూడండి. లోపల వరసగా బుల్లి బుల్లి స్విచ్‌లు కనిపిస్తే అది ఎప్పుడూ ఒకే కోడ్ పంపే రకం. 12 స్విచ్‌లంటే మొత్తం 4,096 కోడ్‌లు, అంతే. 2015లో సామీ కమ్‌కార్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు పిల్లల మెసేజింగ్ బొమ్మ ఒకదాన్ని కాస్త మార్చి, దాంతో ఇలాంటి తలుపుల్ని పది సెకన్లలోపు తెరిచి చూపించాడు. ఇప్పుడు వచ్చేవన్నీ దాదాపు రోలింగ్ కోడ్ రకమే, నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది. కొత్తది కొన్నప్పుడు ఆ మాట డబ్బా మీద ఉందో లేదో చూసుకోండి. పాత ఇల్లు కొనుక్కున్నవాళ్లయితే మొదటి రోజే ఓపెనర్ మెమరీ చెరిపేసి రిమోట్లు మళ్లీ నేర్పించుకోవాలి, పాత యజమాని రిమోట్ ఎవరి దగ్గరుందో ఎవరికి తెలుసు. రాత్రిళ్లు కారు బయట పెట్టేవాళ్లు రిమోట్‌ని కారులో వదిలేయడం కూడా ఇంటి తాళంచెవి అద్దం వెనక వేలాడదీసినట్టే.

ఫోన్ యాప్ ఉంటే మంచిదే, కానీ దాని కోసమే ఓపెనర్ ఎంచుకోకండి. నాకు నచ్చిన ఉపయోగం ఒక్కటే, తలుపు తెరిచి మర్చిపోతే రాత్రి ఫోన్‌కి కబురొస్తుంది. దూరం నుంచి మూసే సౌకర్యం ఉంటే, మూసేముందు లైటు మెరిపించి బీప్ కొట్టే రకమే అయ్యుండాలి, ఆ సమయంలో తలుపు దగ్గర ఎవరున్నారో మీకు కనపడదు కదా. యాప్ సర్వర్ కంపెనీది, దాని షరతులూ కంపెనీవే. 2023లో ఓపెనర్లు తయారుచేసే చాంబర్లెయిన్ కంపెనీ మైక్యూ అనే తన యాప్ సర్వీసులోకి బయటి అనధికారిక యాప్‌లు రాకుండా ఆపేసింది, హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాల్ని ఒకచోట కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) లాంటి వాటితో కలిపి వాడుకుంటున్న వాళ్లకి ఒక్కసారిగా దారి మూసుకుపోయింది. కాబట్టి ఇంటర్నెట్ లేకపోయినా రిమోట్, గోడ బటన్ మామూలుగా పనిచేయాలి, ఇంట్లో ఉన్న వేరే స్మార్ట్ పరికరంతో నేరుగా కలుపుకునే వీలుంటే ఇంకా మంచిది. కొనేముందు ఫోన్ పట్టుకుని గ్యారేజ్‌లో మోటార్ వేలాడే చోట నిలబడండి. అక్కడ వైఫై రాకపోతే ఆ యాప్ ఉన్నా లేనట్టే.

ఇది అడగకపోయినా చెప్తున్నా. కొత్త ఓపెనర్ బిగించాక రిమోట్ వాకిట్లోంచి పనిచేయట్లేదు, తలుపు దగ్గరికొస్తేనే పనిచేస్తోంది అని ఫిర్యాదులొస్తాయి. నేను ముందు అడిగేది "అందులో ఏ బల్బు పెట్టారు" అని. కొన్ని ఎల్‌ఈడీ బల్బుల లోపలి సర్క్యూట్ రేడియో రొద చేస్తుంది, రిమోట్ సిగ్నల్ అందులో మునిగిపోతుంది. బల్బు తీసి నొక్కి చూడండి. దూరం నుంచి పనిచేస్తే దోషి దొరికినట్టే, గ్యారేజ్ ఓపెనర్ కోసమని రాసి ఉన్న బల్బు తెచ్చుకోండి.

కొనే రోజు చేతిలో ఉండాల్సిన కొలతలు: తలుపు ఎత్తు 7 అడుగులా 8 అడుగులా (8 అయితే రైల్‌కి అదనపు ముక్క కావాలి), తలుపు లేచేటప్పుడు దాని పై అంచు చేరే అత్యంత ఎత్తైన చోటు నుంచి సీలింగ్‌కి ఎన్ని అంగుళాల ఖాళీ ఉంది, సాకెట్ ఎక్కడుంది. ఆ ఖాళీ రెండు మూడు అంగుళాలు కూడా లేకపోతే మామూలు రైల్ పట్టదు, గోడ రకం వైపు చూడాల్సిందే. ఎక్స్‌టెన్షన్ వైరుతో ఓపెనర్ నడపొద్దు, ఎర్తింగ్ ఉన్న సాకెట్ దగ్గర్లో పెట్టించుకోండి.

మీ ఇంటికి నా మొదటి ఎంపిక, షాఫ్ట్ పక్కన జాగా ఉంటే, బ్యాటరీ ఉన్న గోడ రకం. లేకపోతే ముప్పావు తరగతి డీసీ బెల్ట్, బ్యాటరీతో, రబ్బరు దిమ్మల మీద. రెండిటికీ ముందు స్ప్రింగులు, నైలాన్ రోలర్లు. నిజం చెప్పాలంటే ఆ రెండూ అయ్యాక మీ పాత చెయినే ఇంకో ఏడాది నడిచినా ఆశ్చర్యపోను, కానీ పాప నిద్ర ఉంది కాబట్టి మార్చేయమనే అంటాను.

ఈరోజు పగటి వెలుతురులో ఎర్ర తాడు లాగి, తలుపుని నడుము ఎత్తులో వదిలితే ఏమైందో రాయండి. అలాగే షాఫ్ట్ రెండు చివర్లా పక్క గోడకి ఎన్ని అంగుళాలు ఉన్నాయో కొలిచి చెప్పండి. ఆ రెండూ తెలిస్తే ఏ మోడల్ అన్నది చెప్పడం తేలిక.